ఐరన్ మాత్ర మింగితే సరిపోదు

రక్తహీనత గురించి మన దగ్గర జరిగే మాటలన్నీ నోటి దగ్గరే ఆగిపోతాయి. ఏం తింటున్నారు, ఎన్ని మాత్రలు పంచాం, ఎంతమంది మింగారు. బెల్లం తినండి, మునగాకు తినండి, తోటకూర తినండి. మింగిన ఇనుము పేగు గోడ దాటి రక్తంలో కలిసిందా అని మాత్రం ఎవరూ అడగరు. దేశంలో ఐరన్ మాత్రల పంపిణీ కార్యక్రమం మొదలైంది 1970లో. ఆ తర్వాత దాదాపు అర్ధ శతాబ్దానికి, 2019–21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం మందికి, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది.

ఇందులో పేదరికం ఉంది, ఆడపిల్ల కంచంలో చివరికి మిగిలేదే పడే ఇళ్ల సంగతి ఉంది, నులిపురుగులు ఉన్నాయి, బి12 లోపం ఉంది. వాటిలో దేన్నీ నేను తక్కువ చేయడం లేదు. నేను చెప్పదలుచుకున్నది వేరే. పేగులోని కణం ఇనుమును ఎలా లోపలికి రానిస్తుందో, ఎప్పుడు ఆపేస్తుందో సైన్సుకు ఇరవై ఏళ్లకు పైగా తెలుసు. ఆ తెలిసిన సంగతి మాత్ర చేతిలో పెట్టే చోటికి, మన వంటింటికి ఇంకా రాలేదు. వస్తే ఇవే మాత్రలు ఇంతకంటే బాగా పనిచేస్తాయి. కొందరికి అవి అసలు ఇవ్వకూడదని కూడా ముందే తెలుస్తుంది.

నేను డిగ్రీ పిల్లలకు బయోకెమిస్ట్రీ చెబుతాను. కణత్వచం గుండా రవాణా అనే పాఠం ప్రతి సిలబస్‌లోనూ ఉంటుంది. సక్రియ రవాణా, నిష్క్రియ రవాణా, తేడాలు రాయుము, ఐదు మార్కులు. పిల్లలు టేబుల్ బట్టీ పట్టి రాసేస్తారు. తమ ఇంట్లో అమ్మకు హిమోగ్లోబిన్ తొమ్మిది దాటకపోవడానికి, ఆ టేబుల్‌కి సంబంధం ఉందని వాళ్లకు ఎవరూ చెప్పరు.

కణం చుట్టూ ఉండే పొర మందం నాలుగైదు నానోమీటర్లు. దాని మధ్యభాగమంతా కొవ్వు. విద్యుదావేశం ఉన్న లోహ అయాన్‌ను నీటి అణువులు చుట్టుకుని ఉంటాయి. ఆ నీటిని వదిలించుకుని కొవ్వులోకి దిగడం దాని వల్ల కాదు. అందుకే సోడియం, పొటాషియం, కాల్షియం, జింక్, రాగి, ఇనుము, ఏ లోహం కణంలోకి రావాలన్నా పోవాలన్నా ఆ పొరలో ప్రోటీన్‌తో చేసిన తలుపు ఒకటి ఉండాలి. 1957లో డెన్మార్క్ శాస్త్రవేత్త జెన్స్ స్కౌ పీతల నరాల మీద పనిచేస్తూ సోడియం పొటాషియం పంపును కనిపెట్టాడు. కణానికి ఇంధనంలాంటి ఏటీపీ అణువు ఒకదాన్ని ఖర్చుపెట్టి మూడు సోడియం అయాన్లను బయటికి తోసి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి తెస్తుంది అది. నలభై ఏళ్ల తర్వాత, 1997లో, ఆయనకు నోబెల్ వచ్చింది. కణం బయట కాల్షియం గాఢత లోపలికంటే దాదాపు పదివేల రెట్లు ఎక్కువ. ఆ తేడాను నిలబెట్టడానికి వేరే పంపులు రాత్రింబవళ్లు పనిచేస్తూనే ఉంటాయి.

సోడియం ఎక్కువైతే మూత్రంలో పోతుంది. పొటాషియమూ అంతే. ఇనుముకు అలాంటి ఏర్పాటు లేదు. పెద్దవాళ్ల ఒంట్లో మొత్తం ఇనుము మూడు నాలుగు గ్రాములు. అందులో మూడింట రెండు వంతులు ఎర్ర రక్తకణాల హిమోగ్లోబిన్‌లోనే ఉంటుంది. రాలిపోయే చర్మ కణాలు, పేగు కణాలతో రోజుకు ఒకటి రెండు మిల్లీగ్రాములు పోతుంది. నెలసరి ఉన్న ఆడవాళ్లకు ఇంకొంచెం ఎక్కువ. ఎక్కువైన ఇనుమును కావాలని బయటికి పంపే దారి మాత్రం శరీరంలో ఎక్కడా లేదు, మూత్రపిండాల్లోనూ లేదు. ఒకసారి లోపలికి వచ్చిందంటే వచ్చినట్టే. కాబట్టి శరీరం తన కట్టుదిట్టమంతా రానిచ్చే చోటే పెట్టుకుంది. ఐరన్ మాత్రల గురించి ఏం మాట్లాడుకున్నా ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఆ చోటు చిన్నపేగు మొదటి భాగం. మనం పప్పులు, ఆకుకూరలు, ధాన్యాల నుంచి తినే ఇనుము ఎక్కువగా ఫెర్రిక్ రూపంలో ఉంటుంది, అంటే మూడు ఆవేశాలతో. పేగు కణం దాన్ని ఆ రూపంలో తీసుకోదు. కణం ఉపరితలం మీద ఉండే ఒక ఎంజైమ్ దాన్ని రెండు ఆవేశాల ఫెర్రస్‌గా మారుస్తుంది. నిమ్మకాయలోని విటమిన్ సి కూడా ఇదే పనికి సాయం చేస్తుంది. ఆ తర్వాత డీఎంటీ1 అనే ప్రోటీన్ ఫెర్రస్ అయాన్‌ను లోపలికి తీసుకుంటుంది. దీన్ని 1997లో గుర్తించారు. ఇది ఇనుమును ఒంటరిగా మోయలేదు, దానితోపాటు ఒక ప్రోటాన్, అంటే హైడ్రోజన్ అయాన్, కూడా రావాలి. అంటే చుట్టుపక్కల ఆమ్లం ఉండాలి.

ఇక్కడ మన ఇళ్ల సంగతి చెప్పాలి. పొద్దున లేవగానే గ్యాస్ టాబ్లెట్ వేసుకునే అలవాటు ఎంతమందికి ఉందో చూడండి. ఏళ్ల తరబడి, ఎవరూ రాసివ్వకుండానే. ఆ మాత్ర చేసే పనే కడుపులో ఆమ్లాన్ని తగ్గించడం. ఆమ్లం తగ్గితే ఫెర్రిక్ ఇనుము కరగదు, ఫెర్రస్‌గా మారడం తగ్గుతుంది, డీఎంటీ1కి కావాల్సిన ప్రోటాన్లూ తగ్గుతాయి. అదే మనిషి టిఫిన్ అయ్యాక ఐరన్ మాత్ర వేసుకుని, వెంటనే ఒక గ్లాసు చిక్కటి టీ తాగుతుంది. టీలోని పాలీఫినాల్స్ మిగిలిన ఇనుమును పట్టేసుకుంటాయి. మాత్రలో ఉన్నది 60 మిల్లీగ్రాముల ఇనుము. అందులో ఎక్కువ భాగం మలంలో నల్లగా బయటికి పోతుంది. వేసుకున్నవాళ్లందరికీ ఆ నలుపు తెలుసు. అది తలుపు దాటలేకపోయిన ఇనుమే.

డీఎంటీ1 దాటినా పని సగమే అయినట్టు. ఇనుము ఇంకా పేగు కణంలోనే ఉంది, రక్తంలోకి రాలేదు. కణం అవతలి వైపు ఇంకో తలుపు ఉంది, దాని పేరు ఫెర్రోపోర్టిన్. మన ఒంట్లోని ఏ కణం నుంచైనా ఇనుము బయటికి రావడానికి ఇప్పటిదాకా తెలిసిన ప్రోటీన్ ఇదొక్కటే. 2000లో మూడు బృందాలు విడివిడిగా దీన్ని కనిపెట్టాయి. వాటిలో ఒకటి బోస్టన్ బృందం, వాళ్లు వాడింది జీబ్రాఫిష్ అనే చిన్న చేప పిండాలను. ఈ పిండాలు అద్దంలా ఉంటాయి, లోపల రక్తం ప్రవహించడం మైక్రోస్కోప్‌లో నేరుగా చూడొచ్చు. కొన్ని పిండాల రక్తం మాత్రం పాలిపోయి ఉంది. తల్లి ఇచ్చిన పచ్చసొనలో ఇనుము ఉంది. కానీ సొన చుట్టూ ఉండే కణాల పొరలో ఫెర్రోపోర్టిన్ పాడైపోవడంతో ఆ ఇనుము పిండం రక్తంలోకి రాలేకపోయింది. పరిశోధకులు ఇనుమును సూదితో నేరుగా ఆ రక్తంలోకి ఎక్కిస్తే హిమోగ్లోబిన్ తయారైంది. ఈ ప్రయోగం క్లాసులో చెప్పిన ప్రతిసారీ నాకు మన అంగన్‌వాడీ చార్టులే మనసులో మెదులుతాయి. సొన నిండా ఇనుము ఉన్నా పిండానికి రక్తహీనత వచ్చింది. ఆహారం బొమ్మలు గీసిన మన చార్టుల్లో ఆ మధ్యలో ఉన్న పొరకు చోటే లేదు.

ఫెర్రోపోర్టిన్ దాటిన ఫెర్రస్ ఇనుము మళ్లీ ఫెర్రిక్‌గా మారితేనే రక్తంలో ఇనుమును మోసే ట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రోటీన్ దాన్ని పట్టుకోగలదు. ఆ మార్పు చేసే ఎంజైమ్ హెఫీస్టిన్, దానిలో రాగి ఉంటుంది. కాబట్టి రాగి లేకపోతే ఇనుము కదలదు. కోవిడ్ రోజుల్లో చాలా ఇళ్లలో జింక్ మాత్రలు నెలల తరబడి వేసుకున్నారు. జింక్ మోతాదు మించి చాలాకాలం వాడితే పేగు కణాల్లో మెటలోథయోనిన్ అనే ప్రోటీన్ పెరుగుతుంది. అది రాగిని గట్టిగా పట్టుకుని, కణం రాలినప్పుడు తనతో తీసుకుపోతుంది. అలా రాగి తగ్గితే వచ్చే రక్తహీనత ఎన్ని ఐరన్ మాత్రలు మింగినా తగ్గదు. ఇదే లక్షణాన్ని డాక్టర్లు విల్సన్ వ్యాధిలో చికిత్సగా వాడుకుంటారు. కాలేయం నుంచి రాగిని బయటికి పంపే ఏటీపీ7బీ అనే పంపు పాడైనవాళ్లకు, పేగు దగ్గరే రాగిని ఆపడానికి జింక్ ఇస్తారు. తలుపులు ఎలా పనిచేస్తాయో తెలిసినందుకే ఆ వైద్యం సాధ్యమైంది. (విరేచనాలప్పుడు పిల్లలకు రెండు వారాలు ఇచ్చే జింక్‌కి ఈ భయం వర్తించదు, అది తప్పకుండా ఇవ్వాలి.)

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఫెర్రోపోర్టిన్ తలుపును మూయించేది ఎవరు?

కాలేయం. అది హెప్సిడిన్ అనే చిన్న హార్మోన్ తయారు చేస్తుంది, కేవలం 25 అమైనో ఆమ్లాల గొలుసు. దీన్ని వెతికినవాళ్లు ఇనుము కోసం వెతకలేదు. లాస్ ఏంజెలెస్‌లో తోమాస్ గాంజ్ బృందం మనుషుల మూత్రంలో సూక్ష్మజీవులను చంపే పెప్టైడ్ల (చిన్న ప్రోటీన్ ముక్కల) కోసం చూస్తుంటే ఇది దొరికింది. 2001లో ఫ్రాన్స్‌లో ఇంకో జన్యువును తీసేసిన ఎలుకల్లో ఇనుము విపరీతంగా పేరుకుపోయింది. చూస్తే వాటిలో హెప్సిడిన్ తయారవడం లేదు. 2004లో ఎలిజబెటా నెమెత్, గాంజ్, వాళ్ల సహచరులు అసలు విధానం చూపించారు. హెప్సిడిన్ వెళ్లి ఫెర్రోపోర్టిన్‌కి అతుక్కుంటుంది, కణం ఆ ఫెర్రోపోర్టిన్‌ను లోపలికి లాక్కుని ముక్కలు చేసేస్తుంది. ఇక ఇనుము కణంలోనే ఉండిపోతుంది. పేగు కణం ఆయుష్షు కొద్ది రోజులే. అది రాలిపోయినప్పుడు లోపల ఇరుక్కున్న ఇనుమూ దానితో పోతుంది.

హెప్సిడిన్ రెండు సందర్భాల్లో పెరుగుతుంది. ఒంట్లో ఇనుము చాలినంత ఉన్నప్పుడు, ఒంట్లో ఇన్ఫెక్షన్ గానీ వాపు గానీ ఉన్నప్పుడు. రెండోదానికి కారణం ఉంది. బాక్టీరియాకు కూడా పెరగడానికి ఇనుము కావాలి. అందుకే జబ్బు చేసినప్పుడు శరీరం ఇనుమును దాచేస్తుంది. పాత ఎర్ర కణాలను విరగ్గొట్టి రోజుకు 20 నుంచి 25 మిల్లీగ్రాముల ఇనుమును మళ్లీ వాడకానికి తెచ్చేది మాక్రోఫేజ్‌లు అనే కణాలు. వాటి తలుపు కూడా ఫెర్రోపోర్టినే. అదీ మూతపడుతుంది. ఆహారం నుంచి వచ్చేది ఒకటి రెండు మిల్లీగ్రాములే కాబట్టి, ఈ 25 ఆగడం చాలా పెద్ద దెబ్బ.

మా పిన్నికి కీళ్లవాతం ఉంది, రుమటాయిడ్ ఆర్థరైటిస్. వేళ్ల కణుపులు వాచి పొద్దున పూట గ్లాసు పట్టుకోవడం కూడా కష్టంగా ఉండేది. హిమోగ్లోబిన్ తొమ్మిది దగ్గర ఆగిపోయింది. చుట్టాలందరూ ఒకటే పాట, బీట్‌రూట్ జ్యూస్ తాగమని, ఖర్జూరాలు తినమని, మాత్ర డోసు పెంచమని అడగమని. ఆవిడ నాతో అన్న మాట ఇది: “రోజూ మర్చిపోకుండా వేసుకుంటున్నానే అమ్మాయ్. కడుపులో తిప్పడమే తప్ప ఒంటికి పట్టింది లేదు. నేను సరిగ్గా తినట్లేదని మీ బాబాయ్ రోజూ గొడవ.” ఒంట్లో ఇనుము నిల్వలను చూపించే ఫెర్రిటిన్ పరీక్ష చేయిస్తే బాగా ఎక్కువగా వచ్చింది. అంటే నిల్వల్లో ఇనుము ఉంది, బయటికి రావడం లేదు. “పిన్నీ, నువ్వు తినకపోవడం వల్ల కాదు, వాపు తగ్గితే గానీ ఇది తగ్గదు” అని చెబితే ఆవిడ ముఖంలో మొదట కనిపించింది ఊరట. డాక్టర్ కీళ్లకు మందు మార్చారు. వాపులు తగ్గుతున్న కొద్దీ హిమోగ్లోబిన్ కూడా నెమ్మదిగా పెరిగింది.

నాకు ఇక్కడే కోపం వస్తుంది. రక్తం తక్కువున్న ఆడమనిషి ప్రతి చోటా తిట్లు తింటుంది. మాత్రలు మింగలేదని, ఆకుకూరలు వండుకోలేదని, ఒంటి మీద శ్రద్ధ లేదని. నిజానికి ఆవిడ కాలేయం తన పని తాను చేస్తోంది. పేగులో ఎప్పుడూ ఏదో ఒక ఇన్ఫెక్షన్, తాగే నీళ్లు శుభ్రంగా లేకపోవడం, పంటి చిగుళ్ల వాపు, ఇవన్నీ హెప్సిడిన్‌ను పెంచగలవు. అలాంటప్పుడు మంచినీళ్ల పైపు కూడా రక్తహీనతకు మందే అవుతుంది.

మోతాదు సంగతి కూడా చూడాలి. జ్యూరిక్‌లో చేసిన అధ్యయనాల్లో, ఇనుము తక్కువున్న యువతులు 60 మిల్లీగ్రాములు గానీ అంతకంటే ఎక్కువ గానీ వేసుకుంటే హెప్సిడిన్ పెరిగి 24 గంటల దాకా అలాగే ఉంటోందని, మర్నాడు వేసుకున్న మాత్ర నుంచి తక్కువ ఇనుము ఒంటికి పడుతోందని తేలింది. 2017లో అదే బృందం అన్నే మాత్రలను ఒక గుంపుకు రోజూ, ఇంకో గుంపుకు రోజు విడిచి రోజు ఇచ్చి చూసింది. రోజూ వేసుకున్నవాళ్లకు మింగినదాంట్లో 16.3 శాతం పట్టింది, రోజు విడిచి రోజు వేసుకున్నవాళ్లకు 21.8 శాతం. అయితే ఆ యువతులకు రక్తహీనత లేదు, ఇనుము నిల్వలు మాత్రమే తక్కువ. రక్తహీనత తీవ్రంగా ఉన్నప్పుడు ఎముక మజ్జ నుంచి వచ్చే సంకేతాలు హెప్సిడిన్‌ను అణిచేస్తాయి కాబట్టి లెక్క మారుతుంది. గర్భిణులకు రోజూ ఒక మాత్ర చొప్పున 180 రోజులు ఇవ్వాలన్న మన ప్రభుత్వ నియమాన్ని ఈ ఒక్క అధ్యయనం చూసి మార్చమని నేను అనను, ఇది చదివి ఎవరూ సొంతంగా మానేయొద్దు కూడా. కానీ కడుపులో వికారం వల్ల రోజూ వేసుకోలేక పూర్తిగా మానేస్తున్న మామూలు ఆడవాళ్లకు “రోజు విడిచి రోజు వేసుకోండి, నష్టం లేదు” అని డాక్టర్ ధైర్యంగా చెప్పగలగాలి. హైస్కూల్ పిల్లలకు వారానికి ఒక నీలం మాత్ర ఇచ్చే పద్ధతి కూడా ఈ జీవశాస్త్రంతో బాగానే పొసుగుతుంది.

ఇనుము తక్కువైతే వచ్చే ఇంకో ప్రమాదం గురించి మన దగ్గర చాలా తక్కువ మాట్లాడతారు. లోపం ఉన్నప్పుడు పేగు కణం డీఎంటీ1ను ఎక్కువ చేస్తుంది, దొరికినంత పట్టుకోవడానికి. కానీ ఆ తలుపు ఇనుమును మాత్రమే గుర్తుపట్టేంత కచ్చితమైనది కాదు. కాడ్మియం కూడా అందులోంచి దూరుతుంది. ఇనుము తక్కువున్న పిల్లల ఒంట్లోకి సీసం కూడా ఎక్కువగా చేరుతుందని తెలుసు. పాత బ్యాటరీలు విరగ్గొట్టే షెడ్ల పక్కన పెరిగే పిల్లవాడికి రక్తహీనత ఉంటే రెండు దెబ్బలూ వాడికే తగులుతాయి. కాబట్టి ఐరన్ మాత్రలు దండగ అని నా మాటలకు అర్థం తీయొద్దు. లోపం ఉన్నవాళ్లకు అవి అత్యవసరం.

లోపం లేనివాళ్లకు పోస్తే ఏమవుతుందో కూడా చూశాం. టాంజానియాలోని పెంబా దీవిలో మలేరియా విపరీతం. అక్కడ చిన్న పిల్లలందరికీ ఎవరికి లోపం ఉందో చూడకుండా ఐరన్, ఫోలిక్ ఆమ్లం ఇచ్చిన పెద్ద అధ్యయనాన్ని మధ్యలో ఆపేయాల్సి వచ్చింది. 2006లో అచ్చైన ఆ ఫలితాల్లో, ఐరన్ తీసుకున్న పిల్లల్లో ఆస్పత్రి పాలవడం, మరణాలు ఎక్కువయ్యాయి. ఇంకో ఉదాహరణ మనకు చాలా దగ్గరిది, థలసీమియా అనే వంశపారంపర్య రక్తజబ్బు. ఈ పిల్లల్లో ఎర్ర కణాలు సరిగ్గా తయారవక మజ్జ ఆగకుండా ఇనుము కావాలని అడుగుతూనే ఉంటుంది. మజ్జ నుంచి వచ్చే ఎరిథ్రోఫెరోన్ అనే హార్మోన్ హెప్సిడిన్‌ను అణిచేస్తుంది. నిల్వలు పొంగిపోతున్నా పేగు తలుపులు తెరిచే ఉంటాయి. దానికి తోడు ఎక్కించే ప్రతి రక్తం సంచిలో 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఇనుము వస్తుంది. బయటికి దారి లేదు కాబట్టి అది గుండెలో, కాలేయంలో చేరుతుంది, దాన్ని తీయడానికి జీవితాంతం మందులు వాడాలి. ఈ జబ్బు తేలిక రూపం, అంటే థలసీమియా మైనర్ ఉన్నవాళ్లకు ఇంత ప్రమాదం లేదు గానీ, వాళ్ల రక్తపు రిపోర్టు చూడ్డానికి అచ్చం ఇనుము లోపంలాగే ఉంటుంది. చిన్న కణాలు, తక్కువ హిమోగ్లోబిన్. థలసీమియాను పట్టిచ్చే హెచ్‌బీఏ2 పరీక్ష చేయకుండా ఏళ్లకేళ్లు ఐరన్ మింగినవాళ్లు నాకు తెలిసినవాళ్లలోనే ఉన్నారు.

దీనికి వచ్చే జవాబు నాకు తెలుసు. కోట్ల మందికి చేరాల్సిన కార్యక్రమంలో మాట సులువుగా ఉండాలి, పరీక్షలకు డబ్బులెక్కడివి, ఆశా కార్యకర్తను పట్టుకుని హెప్సిడిన్ గురించి చెప్పమంటారా అని. సులువుగా ఉండాలన్నది నిజమే. హెప్సిడిన్ పేరు ఎవరికీ చెప్పక్కర్లేదు. కానీ ఆశా కార్యకర్తలను నేను దగ్గరగా చూశాను. ఎవరి ఇంట్లో ఎవరికి ఏ జబ్బుందో, ఎవరు మాత్రలు బియ్యం డబ్బాలో దాచేస్తున్నారో వాళ్లకు తెలుసు. “టీకి మాత్రకు మధ్య రెండు గంటలు ఆగమ్మా, నిమ్మరసంతో వేసుకో, గ్యాస్ మాత్ర నీకు ఎవరు రాశారు?” అని అడగడం వాళ్లకు ఏమాత్రం కష్టం కాదు. ఈ మూడు మాటలకు పైసా ఖర్చు లేదు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో సవరించిన లెక్కల ప్రకారం మన దేశంలో పెద్దవయసు ఆడవాళ్లకు రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. అందులో లోపలికి వెళ్లేది ఏ రెండు మిల్లీగ్రాములో. మిగతాదంతా తలుపు బయటే ఉండిపోతుందని ఆ లెక్కే చెబుతోంది. కాబట్టి 29ని 35 చేయడం గురించి మాత్రమే ఆలోచించకుండా, ఆ రెండును మూడు చేయడం గురించి కూడా ఆలోచించాలి. మొలకెత్తించిన పెసలు, పులియబెట్టిన పిండి ఈ పని కొంత చేస్తాయి, ఇనుమును పట్టి ఉంచే ఫైటేట్‌ను అవి తగ్గిస్తాయి.

పరీక్షల విషయంలో కూడా అందరికీ అన్నీ చేయమని నేను అడగడం లేదు. నెల రోజులు సరిగ్గా మాత్రలు వేసుకున్నా హిమోగ్లోబిన్ కదలనివాళ్లకు చేయాలి. వాళ్లకు ఫెర్రిటిన్, దానితోపాటు ఒంట్లో వాపు ఉందేమో చెప్పే సీఆర్‌పీ. వాపు ఉంటే ఫెర్రిటిన్ దానంతటదే పెరుగుతుంది కాబట్టి రెండూ కలిపి చూడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లలో లోపానికి హద్దును మామూలుగా లీటరుకు 15 మైక్రోగ్రాములు అనీ, వాపు ఉన్నప్పుడు 70 అనీ పెట్టింది. చిన్న కణాలు కనిపిస్తే హెచ్‌బీఏ2. నెలలు నిండుతున్న గర్భిణికి తీవ్రమైన లోపం ఉండి, మాత్రలు పడకపోతే, పేగును పక్కనపెట్టి ఐరన్‌ను నరంలోకి ఎక్కించాలి. అది కూడా చివరికి మాక్రోఫేజ్‌ల తలుపు దాటి రావాల్సిందే, అందుకే జ్వరం, ఇన్ఫెక్షన్ ఉన్నాయేమో ముందు చూసుకోవాలి. ఈ వరస మొత్తం ఒక కాగితం మీద పట్టేస్తుంది. పీహెచ్‌సీ గోడ మీద ఆకుకూరల చార్టు పక్కన అదీ అతికించాలి, తెలుగులో.